పెద్దమ్మ, చక్రాల కుర్చీ, రెండు విమానాలు

పెద్దమ్మకి 74 ఏళ్ళు. కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయి మూడేళ్ళయింది. కూతురి దగ్గరికి, అంటే మా అక్క దగ్గరికి, వెళ్ళడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ పెదనాన్న పక్కన ఉన్నారు. ఇప్పుడు ఆయన లేరు. రెండు విమానాలు మారి, ఇల్లు వదిలిన దగ్గర్నుంచి లెక్కేస్తే దాదాపు 28 గంటలు, ఒక్కతే వెళ్ళాలి.

టికెట్ కొనడం అక్క పని. ఎక్కించడం నా పని. దిగాక అందుకోవడం మళ్ళీ అక్క పని. మధ్యలో ఉన్నదంతా పెద్దమ్మదే. ఆ మధ్యలో ఏం జరిగిందో ఆవిడ అరచేతిలో పట్టే నోటుబుక్కులో టైములతో సహా రాసుకుంది. ఆ పేజీల ఫోటోలు అక్క తర్వాత నాకు పంపింది. నేను చూసిందీ, ఆవిడ రాసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

12 రోజుల ముందు

అక్క రెండు దారులు చూపించింది. ఒకదాంట్లో మధ్యలో ఆగేది గంటా ముప్ఫై అయిదు నిమిషాలు, ఇంకోదాంట్లో నాలుగు గంటల పది నిమిషాలు. మొదటిది తొందరగా చేరుస్తుంది. కానీ చక్రాల కుర్చీ అడిగినవాళ్ళని విమానంలోకి అందరికంటే ముందు ఎక్కిస్తారు, అందరూ దిగాక చివర్న దింపుతారు. ఆ దిగడానికే అరగంట పోతుంది. మొదటి విమానం కాస్త ఆలస్యమైతే ఇక చెప్పక్కర్లేదు. నాలుగు గంటలదే తీసుకున్నాం.

తక్కువ ధరకి వచ్చే మూడో దారి కూడా ఒకటుంది. రెండు విమానాలకీ విడివిడిగా టికెట్లు. దాని జోలికి పోలేదు. అలా కొంటే సామాను చివరిదాకా వెళ్ళకపోవచ్చు, మధ్యలో తీసుకుని మళ్ళీ అప్పగించాల్సి రావచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో కంపెనీకి పట్టదు. వయసులో ఉన్నవాళ్ళు పడగలిగే పాట్లు అవి. ఒకే బుకింగ్, ఒకే పీఎన్‌ఆర్ ఉండాల్సిందేనన్నాను.

అసలు గొడవ కుర్చీ దగ్గర వచ్చింది.

"నాకు కాళ్ళు లేవనుకుంటున్నావేంట్రా? రోజూ పొద్దున్నే అరగంట నడుస్తా," అంది పెద్దమ్మ.

నిజమే, నడుస్తుంది. ఆ మాట కాదనలేక రెండు రోజులు ఊరుకున్నాను. తర్వాత కూర్చోబెట్టి చెప్పాను. కుర్చీ తోసే మనిషికి ఏ గేటు ఎక్కడో తెలుసు, ఏ లిఫ్ట్ ఎటు పోతుందో తెలుసు, సెక్యూరిటీ దగ్గర ఏ లైన్లో నిలబడాలో తెలుసు. నీకు కావాల్సింది ఆ మనిషి. కుర్చీ అడిగితే ఆ మనిషి వస్తాడు కాబట్టి కుర్చీ అడుగుతున్నాం. అప్పటికి కాస్త మెత్తబడింది. "అయితే బోర్డు చదివే మనిషన్నమాట," అంది.

ఇందులో మూడు రకాలున్నాయని అప్పటిదాకా నాకూ తెలియదు. విమానం మెట్లు ఎక్కగలరు, లోపల నడవగలరు, దూరాలు మాత్రం నడవలేరు అంటే వాళ్ళ కోడ్ డబ్ల్యూసీహెచ్‌ఆర్. మెట్లు కూడా ఎక్కలేకపోతే డబ్ల్యూసీహెచ్‌ఎస్. సీటు దాకా చేర్చాల్సిన వాళ్ళకి డబ్ల్యూసీహెచ్‌సీ. మోకాలి సంగతి ఆలోచించి పెద్దమ్మకి రెండోది అడిగాం. కొన్నిచోట్ల విమానం టెర్మినల్‌కి ఆనుకుని ఆగదు, బస్సులో తీసుకెళ్ళి నిచ్చెన మెట్లు ఎక్కిస్తారు. అక్కడ ఈ అక్షరం తేడా తెలిసొస్తుంది.

9 రోజుల ముందు

డాక్టర్ దగ్గరికి. మందుల చీటీలో కంపెనీ పేర్లు కాకుండా మందుల అసలు పేర్లు రాయించాం. మోకాల్లో లోహం ఉందని ఒక ఉత్తరం.

బీపీ మాత్ర ఏ టైముకి వేసుకోవాలన్నది పెద్దమ్మ పెద్ద దిగులు. గడియారం ముందుకా వెనక్కా అని రెండు రాత్రులు లెక్కలు వేసిందట. డాక్టర్ తేల్చేశారు: వాచీ ముళ్ళు దారిలో ఎక్కడా తిప్పొద్దు, ఇంటి టైము ప్రకారమే వేసుకోండి, చేరాక రెండో రోజు నుంచి అక్కడి టైముకి మారండి. ఇది ఆవిడ మాత్రలకి చెప్పిన మాట. ఇన్సులిన్ వాడేవాళ్ళ లెక్క వేరే ఉంటుంది, వాళ్ళు విడిగా అడగాల్సిందే. ఇన్సులిన్‌ని లగేజీలో వేయకూడదని కూడా ఆయనే అన్నారు, కింద సామాన్ల అరలో గడ్డకట్టే ప్రమాదం ఉందట.

రక్తం గడ్డల సంగతి నేనే అడిగాను. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాళ్ళ నరాల్లో గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. రెట్టింపు అనగానే గుండె గుభేలుమంటుంది గానీ, ఆ లెక్క ప్రకారమే అది 6000 మందిలో ఒకరికి. పెద్దమ్మకి బిగువు మేజోళ్ళు రాసిచ్చారు, ఎంత బిగువో కొలత తీసుకుని. షాపులో కనబడ్డవి కొనొద్దన్నారు.

4 రోజుల ముందు

ఊరికే ఒకసారి కనుక్కుందామని ఫోన్ చేశాను. మొదటి విమానానికి కుర్చీ నమోదై ఉంది. రెండోదానికి లేదు!

టికెట్ ఒకటే, నంబరు ఒకటే. కానీ రెండో విమానం నడిపేది భాగస్వామి కంపెనీ. అక్క వెబ్‌సైట్లో టిక్ పెట్టింది మొదటి కంపెనీ దగ్గర, అది రెండోవాళ్ళకి చేరలేదు. వాళ్ళకి ఫోన్ చేసి మళ్ళీ చెప్పి, నమోదైందని మెయిల్ వచ్చేదాకా వదల్లేదు. యూరోపియన్ యూనియన్ నిబంధనలో ఈ సాయానికి 48 గంటల ముందు చెప్పాలని ఉంది. మిగతాచోట్ల కూడా చాలా కంపెనీలు అదే గడువు అడుగుతాయి. ఆ ఫోన్ చెయ్యకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ కాళ్ళు వణుకుతాయి.

ఆ పూటే ఇంకో సంగతి తెలిసింది. యూరప్‌లో కుర్చీ ఏర్పాటు ఎయిర్‌పోర్టు నడిపేవాళ్ళ బాధ్యత. అమెరికాలో విమాన కంపెనీ బాధ్యత. అంటే ఇబ్బంది వచ్చినప్పుడు ఎవరిని అడగాలన్నది దిగిన చోటుని బట్టి మారిపోతుంది. ఇది పెద్దమ్మకి ఎలా చెప్పాలి? చెప్పలేదు. "ఎవరైనా యూనిఫాం వేసుకున్నవాళ్ళకి కార్డు చూపించు," అన్నాను.

సీటు కూడా అప్పుడే ఖరారు చేశాం. నడవా పక్కది, టాయిలెట్‌కి మరీ ఆనుకోకుండా నాలుగైదు వరసల దూరంలో. మొదటి వరసలో కాళ్ళకి చోటెక్కువని అక్క అంది. అక్కడ ముందు సీటు ఉండదు కాబట్టి చేతిసంచీ కాళ్ళ దగ్గర పెట్టుకోనివ్వరు, పైకెత్తి పెట్టాల్సిందే. మందులూ కళ్ళజోడూ పైన ఉంటే పెద్దమ్మ ప్రతిసారీ ఎవరినో బతిమాలాలి. వద్దన్నాను.

2 రోజుల ముందు

కార్డు. ఈ ప్రయాణంలో నేను చేసిన పనికొచ్చే పని ఇదొక్కటే అనుకుంటాను. పోస్టుకార్డంత అట్టముక్క, మెడలో వేసుకునే తాడుతో. ఒకవైపు పెద్ద అక్షరాల తెలుగు, రెండోవైపు అదే వరసలో ఇంగ్లీషు. పేరు, విమానాల నంబర్లు, అక్క నంబరు, నా నంబరు, చేరే చోటి అడ్రసు. "నాకు తెలుగు మాత్రమే వచ్చు. దయచేసి ఈ నంబరుకి ఫోన్ చేయండి," అని ఒక వాక్యం. కింద ఎర్ర ఇంకుతో: "నా విమానం బయల్దేరడానికి గంట ముందు నన్ను గేటు దగ్గర చేర్చండి."

2016లో లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్టులో పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మలున్న ఆకుపచ్చ మెడతాడు ఒకటి మొదలుపెట్టారు. మతిమరుపు, వినికిడి లోపం లాంటి పైకి కనబడని ఇబ్బందులున్నవాళ్ళు వేసుకుంటే సిబ్బంది గుర్తుపట్టి కాస్త నిదానంగా మాట్లాడతారు. తర్వాత చాలా దేశాల ఎయిర్‌పోర్టులకి పాకింది. పెద్దమ్మకి ఆ అవసరం లేదు, చెవి కొంచెం మందమంతే. కానీ మెడలో కార్డు అన్న ఆలోచన నాకు అక్కడి నుంచే వచ్చింది.

ఫోన్ విషయంలో మాత్రం అతి చేశాను. విమానం ఎక్కడుందో చూపించే యాప్, అనువాదం యాప్, మ్యాపు, ఇంకేవో. పెద్దమ్మ ఓపిగ్గా విని, "వీటిల్లో నిన్ను పిలిచేది ఏది?" అంది. అన్నీ తీసేసి ముందు తెర మీద రెండు ముఖాలు పెట్టాను: అక్కదీ నాదీ. నొక్కితే కాల్. ఎయిర్‌పోర్టు వైఫైని నమ్ముకోకుండా రోమింగ్ ప్యాక్ వేయించాను. చాలాచోట్ల వైఫైకి ఓటీపీ కావాలి, ఓటీపీ రావాలంటే ఫోన్‌కి మెసేజ్ అందాలి, రోమింగ్ లేని సిమ్‌కి ఆ మెసేజ్ రాదు. తాళంచెవి పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు.

సాయంత్రం టాయిలెట్ పాఠం. నవ్వులాటగా మొదలైంది గానీ పెద్దమ్మ భయాలన్నిటికీ మూలం అదేనని అప్పుడు అర్థమైంది. కిందటిసారి లోపల ఇరుక్కుపోయిందట, పెదనాన్న బయట నుంచి తలుపు తోశారట. ఆ భయంతో నీళ్ళు తాగడం మానేద్దామని నిర్ణయించుకుని కూర్చుంది! విమానం లోపల గాలిలో తేమ 20 శాతం కంటే తక్కువ ఉంటుంది. అసలే పొడి, పైన నీళ్ళు తాగకపోతే ఇక అంతే. తలుపు మధ్యలో మడత ఉంటుంది, అక్కడ తోయాలి. గడియ వేసేదాకా లైటు పూర్తిగా వెలగదు, చీకటని కంగారుపడొద్దు. మీట నొక్కితే పెద్ద చప్పుడొస్తుంది, అది మామూలే. బీరువా తలుపు మీద నాలుగుసార్లు సాధన చేయించాను.

మొదటి రోజు

సాయంత్రం అయిదున్నరకి ఇల్లు కదిలాం. విమానం రాత్రి 9:40కి.

కౌంటర్ దగ్గర పెట్టెలకి వేసిన ట్యాగుల మీద చివరి ఎయిర్‌పోర్టు కోడ్ ఉందో లేదో చూశాను. ఉంది. రసీదులు నోటుబుక్కు అట్టకి అంటించాను. కుర్చీ వచ్చింది. తోసే కుర్రాడు నవ్వుమొహంతో, "కూర్చోండమ్మా," అన్నాడు. పెద్దమ్మ ఒక్కక్షణం అటూ ఇటూ చూసింది, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమో అన్నట్టు. కూర్చుంది.

వరసలో మా వెనకున్న ఒకమ్మాయి అదే విమానం ఎక్కుతోంది. "కాస్త చూస్తూ ఉండమ్మా," అన్నాను. సరే అంది, మంచి పిల్ల. కానీ ఆ అమ్మాయి మధ్యలో దిగి వేరే వైపు వెళ్ళిపోతుందని తర్వాత తెలిసింది. తోటి ప్రయాణికుల మంచితనం మీద భరోసా పెట్టుకోవచ్చు, ఏర్పాటు పెట్టుకోకూడదు.

అద్దాల తలుపు దాటేముందు చివరగా ఒకే మాట చెప్పాను: "పాస్‌పోర్టు ఎవరికిచ్చినా అది తిరిగి నీ చేతికొచ్చేదాకా వాళ్ళ చేతి మీంచి కళ్ళు తిప్పకు."

"పసిపిల్లకి చెప్పినట్టు చెబుతున్నావు," అంది. అలాగే చూసిందని నోటుబుక్కు చెబుతోంది. "7:55. ఇచ్చా. 7:58. తీసుకున్నా."

సెక్యూరిటీ దగ్గర మోకాలు కూసింది. పక్కకి తీసుకెళ్ళి ఒకావిడ చేతులతో తడిమి చూసింది. తర్వాత చిన్న గుడ్డముక్కతో అరచేతులు తుడిచి మిషన్లో పెట్టారు. అది పేలుడు పదార్థాల జాడ కోసం, చాలామందికి చేస్తారు. ఇది ముందు చెప్పడం నాకు తట్టలేదు. "నా చేతులకి ఏమంటిందని?" అని రాసుకుంది.

మొదటి రోజు రాత్రి, మధ్య మజిలీ

ఇంటి టైము 2:10కి విమానం దిగింది. 2:45కి ఫోన్ చేసింది: కుర్చీలో ఉన్నాను, ఒక హాల్లో కూర్చోబెట్టారు, ఇంకా చాలామంది ఉన్నారు. సరే, అక్కడే ఉండు, వాళ్ళే వచ్చి తీసుకెళ్తారు అన్నాను. విమానం 6:20కి.

4:50కి నేను చేస్తే ఎత్తలేదు. 5:00కి ఎత్తలేదు. 5:05కి తెర మీద చూస్తే గేటు మారింది. అక్కకి ఫోన్ చేశాను, తనకీ దొరకలేదు. విమాన కంపెనీ నంబరుకి చేస్తే పాట వినిపిస్తూనే ఉంది. వేల మైళ్ళ దూరంలో నేను చేయగలిగింది ఒక్కటీ లేదని అప్పుడు తెలిసొచ్చింది. ఈ టెన్షన్ నా వంతు. ఆవిడ వంతు వేరే ఉంది.

జరిగింది ఇదీ. నాలుగున్నరకి పెద్దమ్మ టాయిలెట్‌కి వెళ్ళింది. ఇరవై అడుగులే కదా, ఎవరినీ అడగకుండా లేచి నడిచి వెళ్ళింది. వెనక్కి వచ్చేసరికి కుర్చీ లేదు. కూర్చోబెట్టిన మనిషి డ్యూటీ దిగిపోయాడు. కొత్తగా వచ్చినవాళ్ళ కాగితంలో ఆవిడ పేరు ఎదురుగా టిక్ ఉంది, తీసుకెళ్ళిపోయారనుకున్నారు. ఫోను సంచీ అడుగున మోగుతోంది, చెవికి అందలేదు.

నోటుబుక్కులో ఆ పేజీ మీద అక్షరాలు పెద్దగా ఉన్నాయి. "4:50. ఎవరూ లేరు. నడిచి పోదామా అనుకున్నా. గేటు నంబరు తెలుసు కదా."

ఆ గేటు నంబరు పాతది. నడిచి ఉంటే ఎటో పోయేది.

"5:10. బల్ల దగ్గర పిల్లకి కార్డు చూపించా. చదివింది. ఎర్ర అక్షరాలు చూసి లేచి నిలబడింది."

ఆ అమ్మాయే కార్డు మీది నంబరుకి ఫోన్ చేసింది. రెండో మోతకే ఎత్తాను. పేరు అడిగింది, పుట్టిన తేదీ అడిగింది, "మేము తీసుకెళ్తున్నాం," అని పెట్టేసింది. 5:35కి పెద్దమ్మ కొత్త గేటు దగ్గరుంది. కార్డు చెప్పిన గంట కన్నా పదిహేను నిమిషాలు ఆలస్యం.

ఇలాంటి ప్రయాణాల్లో పెద్దవాళ్ళు విమానంలో తప్పిపోరు. ఒక మనిషి ఇంకో మనిషికి అప్పగించే చోట తప్పిపోతారు. కుర్చీ అడిగి చేతులు దులుపుకున్నాం గానీ ఆ అప్పగింతలు ఎన్ని అని లెక్కపెట్టలేదు. తర్వాత కూర్చుని లెక్కపెడితే ఏడు తేలాయి.

రెండో రోజు

పద్నాలుగు గంటల విమానం గురించి పెద్దమ్మ రాసుకున్నది పదకొండు లైన్లు. "గడియ వేశా. లైటు వెలిగింది." దాని కింద గీత గీసింది. ఇంకోచోట: "చెవులు దిబ్బడ. ముక్కు మూసి మింగితే పోయింది." మాత్రల టైములు రెండు. గంటకోసారి మడమలు పైకీ కిందకీ ఆడించినట్టు చిన్న చుక్కలు, పన్నెండున్నాయి. రెండు గంటలు నిద్రపోయిందన్నమాట.

చెప్పులు వదిలేసి కూర్చుంటే దిగేటప్పుడు కాళ్ళు పట్టలేదట. వాపు వస్తుందని తెలుసు, పట్టీలు వదులు చేసుకునే చెప్పులు వేసుకెళ్ళమని చెప్పడం మాత్రం మరిచాను. చెప్పుల మడమలు తొక్కుకుంటూ దిగింది.

విమానం ఆగాక అందరూ దిగిపోయారు. పెద్దమ్మ ఒక్కతీ కూర్చుంది. చివర్న దింపుతారని చెప్పి పంపాను కాబట్టి కంగారు పడలేదు. "ఊడ్చేవాళ్ళు వచ్చారు. నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వా."

ఇమ్మిగ్రేషన్‌లో వేలిముద్రలు పడలేదు. వయసు మీద పడితే చేతి గీతలు అరిగిపోతాయి, పైగా విమానంలో చర్మం ఎండిపోయి ఉంటుంది. మూడుసార్లు అద్దం మీద పెట్టించారట. కుర్చీ తోసేవాడు జేబులోంచి క్రీము తీసి రాశాడు, నాలుగోసారి పడింది. ఆ మనిషికి ఇది రోజువారీ అనుభవమై ఉండాలి. ఎవరి దగ్గరికి, ఎన్నాళ్ళు, తిరుగు టికెట్ ఉందా అన్న మూడు ప్రశ్నలకీ కాగితాలు వరసగా క్లిప్పు పెట్టి ఉన్నాయి, చూపించింది.

బయట అక్క ఎదురుచూస్తోంది. కుర్చీ తోసినతను అక్క చేతికి అప్పగించే ముందు మెడలో కార్డు తిప్పి చూసి, అక్క పేరు అడిగి, సరిచూసుకున్నాడట. మొత్తం దారిలో అప్పగింత ఎలా ఉండాలో అలా చేసింది ఆయనొక్కడే.

మూడు నుంచి ఆరో రోజు వరకు

నిద్ర. పగలు నిద్ర, రాత్రి మెలకువ. అర్ధరాత్రి లేచి వంటింట్లో లైటు వేసుకుని కూర్చుంటోందని అక్క మెసేజ్. పగటి వెలుతురులో కాసేపు తిప్పమన్నాను. ఎడమ కాలి పిక్క కాస్త బరువుగా ఉందంటే అక్క ఆ పూటే డాక్టర్‌కి చూపించింది. ఒక కాలే వాచినా, నొప్పీ వేడీ ఉన్నా, ఆయాసం వచ్చినా ప్రయాణపు అలసట అని తోసెయ్యకూడదు. రక్తం గడ్డ సంగతి విమానం దిగిన కొన్ని రోజుల తర్వాత కూడా బయటపడవచ్చు. ఇది మాత్రం మామూలు అలసటే.

ఆరో రోజు పెద్దమ్మే ఫోన్ చేసింది, గొంతు తేటగా ఉంది. తిరుగు ప్రయాణానికి కార్డు కొత్తది రాయమంది. ఏం మార్చాలన్నాను.

"నేను టాయిలెట్‌కి పోయినా ఇక్కడే ఉన్నట్టు లెక్క అని రాయి," అంది. "ఇంగ్లీషులో. ఎర్ర ఇంకుతో."